ముత్తు పిట్ట జాడ: ఒడిశాలోని కోరాపుట్, రాయగడ, గజపతి జిల్లాల్లో బ్రౌన్ బ్రెస్టెడ్ ఫ్లైక్యాచర్‌ను వెతికి, పోల్చుకుని, నమోదు చేసే పద్ధతి

పిచ్చుక కంటే కాస్త చిన్నది, 13 నుంచి 14 సెంటీమీటర్లు. పైన గోధుమరంగు, కింద తెలుపు, ఎద మీద మాసిన గోధుమ పట్టీ. కూత దాదాపు వినపడదు. బ్రౌన్ బ్రెస్టెడ్ ఫ్లైక్యాచర్ అంటే ఇంతే. వేసవిలో ఈశాన్య భారతంలోనూ అటు చైనా, మయన్మార్ కొండల్లోనూ గూడు కడుతుంది. చలికాలం పడమటి కనుమల్లోనూ శ్రీలంకలోనూ గడుపుతుంది. ఆ దారిలో మన తూర్పు కనుమల మీదుగా పోతుంది కాబట్టి, ఇక్కడ అది కాపురం ఉండే పిట్ట కాదు, దారిన పోయే పిట్ట.

దాని శాస్త్రీయ నామం మస్సికాపా ముత్తుయి. లేయర్డ్ అనే ఆంగ్లేయుడు 1854లో శ్రీలంక నుంచి దీన్ని లోకానికి పరిచయం చేస్తూ, తనకు పిట్టల్ని తెచ్చిపెట్టిన వంటమనిషి ముత్తు పేరు పెట్టాడు. దొరల పేర్లతో నిండిపోయిన పక్షుల జాబితాలో ఒక వంటవాడి పేరు నిలవడం అరుదు. ఇంగ్లీషు పేరు ప్రతిసారీ నోరు తిరగదు కనుక ఈ వ్యాసంలో దీన్ని ముత్తు పిట్ట అనే పిలుద్దాం.

ఈ జిల్లాల్లో ముత్తు పిట్ట నమోదులు తక్కువగా ఉండటానికి రెండు కారణాలు కనిపిస్తాయి. పిట్టలు చూసేవాళ్లు ఎక్కువగా వచ్చేది డిసెంబరు, జనవరి నెలల్లో. అప్పటికి ఇది దక్షిణానికి వెళ్లిపోయి ఉంటుంది. రెండోది, కంటబడినా ఏషియన్ బ్రౌన్ ఫ్లైక్యాచర్ అని రాసేస్తారు. ఈ రెండు పొరపాట్లూ సరిదిద్దుకోగలిగినవే.

ముందు మామూలు పిట్టను కంఠస్థం చేయండి

ముత్తు పిట్టను వెతకడానికి ముందు కనీసం నెల రోజులు ఏషియన్ బ్రౌన్ ఫ్లైక్యాచర్‌ను చూడండి. చలికాలంలో మామిడి తోటల్లో, ఊరి చివర రావిచెట్ల మీద, రోడ్డు పక్క చింతల మీద అది దొరుకుతుంది. కాళ్లు నల్లగా ఉంటాయి. ముక్కు పై భాగం నలుపు, కింది భాగం మొదట్లో పసుపు, కొన నలుపు. ఒంటి రంగు గోధుమ అంటారు కానీ నిజానికి బూడిద కలిసిన గోధుమ. కంటి చుట్టూ తెల్లని వలయం దీనికీ ఉంటుంది. అందుకే కంటి వలయం చూసి ముత్తు పిట్ట అనుకుంటే బోల్తా పడతారు.

ఇంకో మూడు పిట్టల్ని కూడా పక్కన పెట్టుకోవాలి. టైగా ఫ్లైక్యాచర్, దాని అన్నదమ్ముడి లాంటి రెడ్ బ్రెస్టెడ్ ఫ్లైక్యాచర్, రెండూ ఈ కొండల్లో తగలవచ్చు. వీటి తోక మొదట్లో రెండు వైపులా తెల్లని మచ్చలుంటాయి, తోకను మాటిమాటికీ పైకి ఎగరేస్తాయి. తోక పక్కన తెలుపు మెరిసిందంటే ఇక ముత్తు పిట్ట గురించి ఆలోచించక్కర్లేదు. బ్లూ త్రోటెడ్ ఫ్లైక్యాచర్ ఆడపిట్టతో కొంచెం జాగ్రత్త. దాని కాళ్లు కూడా లేత రంగే. కానీ గొంతు, ఎద నారింజ కలిసిన లేత రంగులో ఉంటాయి, ముక్కు మొత్తం నలుపు. కాళ్లు ఒక్కటే చూస్తే చాలదని చెప్పేది ఈ పిట్టే.

రస్టీ టెయిల్డ్ ఫ్లైక్యాచర్ పడమటి హిమాలయాల నుంచి పడమటి కనుమలకు పోయేది, ఇటు రావడం తక్కువ. వచ్చినా తోక, నడుము తుప్పు రంగులో కొట్టొచ్చినట్టు ఉంటాయి, ఎద మీద పట్టీ స్పష్టంగా ఉండదు.

ఎప్పుడు వెళ్లాలి

రెండు కిటికీలున్నాయి. పెద్దది సెప్టెంబరు చివరి వారం నుంచి అక్టోబరు ఆఖరు దాకా. మన లెక్కలో చెప్పాలంటే దసరాకు అటూ ఇటూ మొదలుపెట్టి దీపావళి దాకా. రెండోది తిరుగు ప్రయాణం. మార్చి చివర నుంచి ఏప్రిల్ నెలంతా, జీడిమామిడి పళ్లు రాలే రోజులు. ఏప్రిల్లో ఎండకు భయపడి ఎవరూ కొండెక్కరు కనుక ఆ కిటికీలో నమోదుల ఖాళీ ఇంకా ఎక్కువ.

ఇలాంటి చిన్న పిట్టలు రాత్రిపూట ప్రయాణం చేస్తాయి. ఆకాశం తేటగా ఉంటే సాగిపోతాయి, దారిలో వాన తగిలితే దిగిపోతాయి. అక్టోబరులో బంగాళాఖాతంలో అల్పపీడనం పట్టి రాత్రి వాన కురిసి తెల్లారేసరికి తెరిపిస్తే, ఆ ఉదయం వదులుకోవద్దు. ప్రయాణం పెట్టుకోవడానికి ఆదివారం కంటే వాతావరణ శాఖ బులెటిన్ మంచి ఆధారం.

రోజులో వేళ కూడా లెక్కే. ముత్తు పిట్టకు మసక వెలుగు ఇష్టం. అక్టోబరు మధ్యలో ఇక్కడ సూర్యోదయం ఉదయం 6 గంటలకు కాస్త ముందు, సూర్యాస్తమయం సాయంత్రం 5.40 ప్రాంతంలో. ఉదయం 5.45కల్లా చోటులో కూర్చుని 8 దాకా, మళ్లీ సాయంత్రం 4 నుంచి చీకటి పడేదాకా చూడండి. నడి మధ్యాహ్నం వెతకడం దండగ. ఆ వేళ మామూలు పిట్టల కాళ్లు చూసి కన్ను అలవాటు చేసుకోవచ్చు.

ఎక్కడ కూర్చోవాలి

శిఖరాలు వదిలేయండి. దేవమాలి 1,672 మీటర్లతో ఒడిశాలోనే ఎత్తయినది, మహేంద్రగిరి 1,501 మీటర్లు. రెండింటి నెత్తినా గడ్డి, గాలి. మహేంద్రగిరి మీద భీముడి గుడి, కుంతి గుడి చూడాల్సినవే, కానీ ఈ పిట్ట కోసం మాత్రం కాదు. దానికి కావలసింది దిగువన, నీడ విడవని గెడ్డలు, అంటే కొండ వాగులు.

మంచి చోటుకు గుర్తులు ఇవి: సన్నగా పారే నీరు లేదా తడి ఇసుక, పైన పందిరిలా కమ్మిన పనస, మామిడి, జీలుగు చెట్లు, కింద మీటరు నుంచి మూడు మీటర్ల ఎత్తులో ఆకులేని అడ్డకొమ్మలు. పొద దట్టంగా ఉంటే పిట్టకు ఎగిరి పురుగు పట్టే జాగా ఉండదు, మరీ పలచగా ఉంటే నీడ ఉండదు. ఆ రెండింటి మధ్యస్థం కావాలి. వెదురు పొదల అంచులూ బాగుంటాయి. కోరాపుట్, సెమిలిగుడ వైపు సిల్వర్ ఓక్ నీడలో పెంచే కాఫీ తోటలు చూడటానికి ఇలాంటివే. తోట యజమాని అనుమతితో, పని మొదలుకాకముందే వెళ్లాలి.

గజపతిలో పర్లాకిమిడి చుట్టూ మహేంద్రతనయ వాగులు, రాయగడలో గుణుపురం నుంచి వంశధార వైపు దిగే గెడ్డలు, నాగావళి ఉపనదుల లోయలు, జయపురం నుంచి గుప్తేశ్వరం పోయే దారిలో అడవి, మాచ్‌ఖండ్ లోయ, వెతకదగ్గ చోట్లు ఇవి. గండాహతి, చాటికొన, డుడుమ లాంటి జలపాతాల దగ్గర తావు బాగుంటుంది కానీ జనం ఎక్కువ. కార్తీకం వచ్చిందంటే వనభోజనాల డప్పులు, సౌండ్ బాక్సులే. ఆ పక్కనే అర కిలోమీటరు పైకి, పేరు లేని గెడ్డ పట్టుకుంటే మేలు.

పేరు లేని గెడ్డ ఎలా దొరుకుతుంది? ఊళ్లో పెద్దవాళ్లను అడగాలి. "తాతా, ఏ గెడ్డలో వేసవిలో కూడా నీళ్లుంటాయి?" అన్న ఒక్క ప్రశ్న చాలు, మ్యాపులో గంటసేపు వెతికే పని తప్పుతుంది. సవర, కోదు ఊళ్లలో చాలామందికి తెలుగు వచ్చు, లేదా సంతకు పోయే కుర్రాడు మధ్యలో మాట కలుపుతాడు. పిట్ట బొమ్మ చూపించి "ఇది పట్టుకొస్తే డబ్బులిస్తాం" అని మాత్రం ఎవరితోనూ, ముఖ్యంగా పిల్లలతో అనొద్దు. సాయంత్రానికి ఉండేలుతో కొట్టిన పిట్టలు నాలుగు తెచ్చి చేతిలో పెడతారు, తప్పు మీదే అవుతుంది. నియమగిరి డొంగ్రియా కోదులకు దేవుడి కొండ, ఊరి పెద్ద మాట లేకుండా ఎక్కొద్దు. లఖారి లోయ లాంటి అభయారణ్యంలోకి అటవీ శాఖ అనుమతి లేకుండా వెళ్లకూడదు.

రైలు మీద వచ్చేవాళ్లకు మూడు దారులు: విజయనగరం నుంచి రాయగడ, నౌపడ నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపురం, కొత్తవలస నుంచి కోరాపుట్, జయపురం. ఏ స్టేషన్లో దిగినా చీకటితోనే గెడ్డ చేరాలంటే ముందురోజే ఊళ్లో బస చేయాలి.

సరంజామా

బైనాక్యులర్ 8×42 ఉంటే సరి. 10 రెట్ల గ్లాసులో చేయి వణుకు ఎక్కువ కనిపిస్తుంది, మసక వెలుగులో బొమ్మ నల్లబడుతుంది. పదిహేను మీటర్ల లోపు చూస్తాం కనుక 8 రెట్లు చాలు. తక్కువ దూరంలో ఫోకస్ అయ్యే గ్లాసు తీసుకోండి.

కెమెరాకు 300 నుంచి 400 మిల్లీమీటర్ల లెన్స్. నీడలో ఐఎస్ఓ 3200 దాకా వెళ్లడానికి వెనుకాడొద్దు, షట్టర్ 1/250 సెకను కంటే దింపొద్దు. రా ఫార్మాట్‌లో (కెమెరా దిద్దకుండా దాచే ఫైలు) తీయండి. కారణం అందం కాదు, రంగు. కెమెరా ఆటో వైట్ బ్యాలెన్స్ ఆకుపచ్చని నీడలో రంగుల్ని మార్చేస్తుంది, నల్ల కాళ్లు గోధుమగా, గోధుమ ఒళ్లు బూడిదగా వస్తాయి. రా ఫైల్ ఉంటే తరువాత సరిచేసుకోవచ్చు. ఫ్లాష్ వద్దు.

ఇవి కాక: నోటు పుస్తకం, పెన్సిల్ (వానకు పెన్ను కారిపోతుంది), రంగు బట్టలు కాకుండా మట్టి రంగు పొడుగు చేతుల చొక్కా, బురదకు పనికొచ్చే బూట్లు, నీళ్లు. మలేరియా ఉన్న ప్రాంతం ఇది. దోమ మందు రాసుకోండి, రాత్రి దోమతెరలో పడుకోండి. ఇంటికి వచ్చిన రెండు, మూడు వారాల్లో జ్వరం వస్తే డాక్టరుకు అడవికి వెళ్లిన సంగతి చెప్పండి. తెల్లవారుజామున గెడ్డల్లో ఎలుగుబంటి ఎదురు కావచ్చు, గజపతి వైపు ఏనుగులు తిరుగుతాయి. ఒంటరిగా వెళ్లొద్దు, ముందు రోజు ఊళ్లో జాడ అడగండి.

చూసే తీరు

నడవకండి, కూర్చోండి. ఇది అటూ ఇటూ గెంతే పిట్ట కాదు. ఒక కొమ్మ మీద ఐదు నిమిషాలు కదలకుండా ఉండగలదు. మీరు నడుస్తూ పోతే అది మీ వీపు వెనక మిగిలిపోతుంది. గెడ్డకు పది, పన్నెండు మీటర్ల దూరంలో, సూర్యుడు మీ వెనక ఉండేలా రాయి చూసుకుని 25 నిమిషాలు గడియారం పెట్టుకుని కూర్చోండి. ఆ తరువాత నూటయాభై మీటర్లు జరిగి మళ్లీ 25 నిమిషాలు. ఒక ఉదయం నాలుగు చోట్లు కూర్చుంటే అదే పూర్తి పని.

కళ్లతో ముందు నేలకు మీటరు ఎత్తు గీత ఒకటి గీసుకుని ఎడమ నుంచి కుడికి పోనివ్వండి, తరువాత రెండు మీటర్ల గీత. బైనాక్యులర్‌తో వెతక్కండి, కంటితో కదలిక పట్టాకే గ్లాసు ఎత్తండి. ఒక చిన్న పిట్ట కొమ్మ వదిలి నేల దగ్గరికో గాలిలోకో వెళ్లి పురుగు పట్టుకుని మళ్లీ నీడలోకి వస్తే, అదే మీరు ఎదురుచూస్తున్న కదలిక. ఏషియన్ బ్రౌన్ కూడా ఇలాగే చేస్తుంది కానీ అది ఎక్కువగా వెలుగులో, ఇంకా పైకొమ్మల మీద.

పిట్ట దొరికాక చూడాల్సిన వరస ఇది, మార్చొద్దు, ఎందుకంటే అది ఎప్పుడు ఎగిరిపోతుందో తెలియదు.

మొదట కాళ్లు. ముత్తు పిట్ట కాళ్లు లేత పసుపు, మాంసపు రంగు కలిసినట్టుంటాయి. రెండు కాళ్లూ చూడాలి. ఒక కాలు కడుపు ఈకల్లో దాగి ఉంటే కొమ్మ మొటికనే కాలు అనుకునే ప్రమాదం ఉంది.

వెంటనే కింది ముక్కు. మొదటి నుంచి కొన దాకా పసుపు. ఏషియన్ బ్రౌన్‌కు కొన నలుపు. పక్క నుంచి చూసినప్పుడు సందేహం వస్తే, అది తల ఎత్తి పైకి చూసేదాకా ఆగండి. అప్పుడు కింది వైపు మొత్తం కనిపిస్తుంది.

ఆ తరువాత ఎద. తెల్లని గొంతు, దాని పక్కన మీసం లాంటి సన్నని గీత, కింద గోధుమరంగు పట్టీ. చివరగా రెక్క, తోక. మడిచిన రెక్క ఈకల అంచులు తుప్పు ఛాయలో ఉంటాయి, తోక మొదట్లో కూడా ఆ ఛాయ కొంచెం కనిపిస్తుంది. కంటి వలయం, పెద్ద కన్ను అన్నీ అయ్యాక చూస్తే చాలు.

ఎక్కడ తప్పు పోతుంది

సాయంత్రం 5 గంటల ఎండ ప్రతి బూడిద పిట్టనూ గోధుమ చేస్తుంది. ఆ వెలుగులో ఒంటి రంగును సాక్ష్యంగా తీసుకోవద్దు. ఆకుల గుండా వచ్చే వెలుగు నేరుగా కాళ్ల మీద పడితే నల్ల కాళ్లు మెరిసి లేతగా అనిపిస్తాయి. పిట్ట నీడలోకి జరిగాక మళ్లీ చూడండి. అక్టోబరులో ఆ ఏడు పుట్టిన ఏషియన్ బ్రౌన్ పిట్టల రెక్క ఈకలకు లేత గోధుమ అంచులుంటాయి. రెక్క అంచు చూసి కేక వేసేవాళ్లు ఎక్కువగా ఇక్కడే పడతారు. తీసిన ఫొటోలో ఆకు వెనక వెలుగుంటే పిట్ట నీడబొమ్మలా వస్తుంది. అలాంటి ఫొటోను ప్రకాశం పెంచి చూసి తీర్పు చెప్పడం కంటే వదిలేయడం నయం.

కూత ఆధారం చేసుకోవద్దు. సన్నగా "సిట్" అంటుంది, అలాంటి సన్నని కూతలు అడవిలో పదిరకాలు. కూత విని పిట్ట పేరు చెప్పే మెర్లిన్ యాప్ పేరు చూపించినా అది దిక్కు మాత్రమే, రుజువు కాదు. స్పీకరులో కూత పెట్టి పిలవడం అసలు వద్దు. రాత్రంతా ఎగిరి దిగిన పిట్టకు ఆ ఉదయం తిండి వేళ.

రాసుకునేది

అక్కడికక్కడే రాయండి, ఇంటికెళ్లాక కాదు. పుస్తకం తెరిచి బొమ్మతో పోల్చకముందే రాయండి. బొమ్మ చూశాక మనసు చూడనివి కూడా చూసినట్టు చెబుతుంది. ఒక మంచి నమోదు ఈ మాదిరిగా ఉంటుంది:

"ఉదయం 6.20. గెడ్డ ఒడ్డు, పనస కింది కొమ్మ, నేలకు మీటరున్నర. నాకు 9 మీటర్లు. నీడ, వెలుగు నా వెనక. రెండు కాళ్లూ లేత పసుపు. కింది ముక్కు కొన దాకా పసుపు, రెండుసార్లు చూశాను. ఎద మీద గోధుమ పట్టీ, గొంతు తెలుపు. తోక పక్కన తెలుపు లేదు. 4 నిమిషాలు, మూడుసార్లు నేల మీదికి దిగి పురుగు పట్టింది. ఫొటోలు 6, కాళ్లు కనిపించేవి 2."

తోక పక్కన తెలుపు లేదు అన్నట్టు, లేనివి కూడా రాయడం ముఖ్యం.

ఈబర్డ్‌లో ఎక్కించడం

చూసిన పిట్టల జాబితాలు ఎక్కించే వెబ్‌సైటు, యాప్ ఈబర్డ్. ఆ యాప్‌లో ఒడిశా పక్షుల ప్యాక్‌ను ఊళ్లో సిగ్నల్ ఉన్నప్పుడే దించుకోండి, గెడ్డలో సిగ్నల్ ఉండదు. ప్రతి చోట కూర్చున్న 25 నిమిషాలకు ఒక జాబితా, కదలకుండా చూసినది కనుక స్టేషనరీ. పదిహేను నిమిషాలకు తక్కువ కాకుండా చూసుకోండి. కనిపించిన, వినిపించిన పిట్టలన్నీ రాశారా అన్న ప్రశ్నకు నిజంగా అన్నీ రాసినప్పుడే అవునని చెప్పండి. ముత్తు పిట్ట ఒక్కటే రాసి మైనాలను, కాకుల్ని వదిలేస్తే ఆ జాబితా పరిశోధనకు సగం పనికిరాకుండా పోతుంది.

సరిహద్దు జిల్లాల్లో ఒక ప్రత్యేకమైన చిక్కు ఉంది. పార్వతీపురం మన్యం నుంచి రాయగడకో, అల్లూరి జిల్లా నుంచి కోరాపుట్‌కో నడుచుకుంటూ దాటితే జాబితా అక్కడే ముగించి కొత్తది మొదలుపెట్టాలి. లేకపోతే పిట్ట ఒక రాష్ట్రంలో ఉండి లెక్క ఇంకో రాష్ట్రంలో పడుతుంది. జిల్లాను యాప్ మీరు పెట్టిన గుర్తును బట్టి తీసుకుంటుంది కనుక పిన్ను సరిగ్గా పిట్ట ఉన్న చోటే పెట్టండి, బస చేసిన ఊళ్లో కాదు. రెండు రాష్ట్రాలూ తమవే అనే కొటియా ఊళ్లలో అయితే ఏ రాష్ట్రం అన్న వాదన మనకెందుకు, అక్షాంశ రేఖాంశాలు పక్కన రాసి పెట్టండి.

యాప్ దీన్ని అరుదైనదిగా గుర్తించి వివరణ అడిగితే విసుక్కోవద్దు. నోటు పుస్తకంలోది ఉన్నదున్నట్టు టైప్ చేయండి, తెలుగులో రాసినా పక్కన ఇంగ్లీషులో రెండు ముక్కలు పెడితే నమోదుల్ని సరిచూసే సమీక్షకుడికి సులువు. కాళ్లు కనిపించే ఫొటో ముందు పెట్టండి, అందంగా వచ్చినది తరువాత. సమీక్షకుడు మరిన్ని వివరాలు అడిగితే అది అనుమానించడం కాదు, అతని పని. మీకే సందేహం ఉంటే ఏ జాతో తేలని ఫ్లైక్యాచర్ అనే ఎంపిక ఉంటుంది, అది వాడండి.

పాత నమోదులతో పోల్చేటప్పుడు జిల్లాల పేర్లు మోసం చేస్తాయి. ఒడిశా 1936 ఏప్రిల్ 1న ఏర్పడేదాకా జయపురం సంస్థానం విశాఖపట్నం జిల్లాలో భాగం. కాబట్టి 1929, 1930ల్లో తూర్పు కనుమల్లో జరిగిన వెర్నే సర్వే కాలపు కాగితాల్లో విశాఖ జిల్లా అని ఉన్న చోటు ఇప్పటి కోరాపుట్ కావచ్చు. 1992 అక్టోబరు 2న కోరాపుట్ నుంచి రాయగడ, మల్కన్‌గిరి, నవరంగపూర్ వేరయ్యాయి, గంజాం నుంచి గజపతి విడిపోయింది. అంతకు ముందు కోరాపుట్ అని రాసిన పిట్ట రాయగడలో కూర్చుని ఉండవచ్చు. ఊరి పేరు, ఎత్తు చూసి తేల్చుకోవాలి.

కనిపించని రోజులు

నాలుగు ఉదయాలు కూర్చుని ఒక్కటి కూడా దొరక్కపోవడం మామూలే. ఆ జాబితాలూ ఎక్కించండి. ఒకే గెడ్డలో సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 31 దాకా వారానికి రెండుసార్లు, అదే రాయి మీద, అదే వేళకు కూర్చుంటే దాదాపు పదకొండు సార్లవుతుంది. ఏ వారం వచ్చింది, ఏ వారం లేదు అన్నది అప్పుడే తెలుస్తుంది. ఊరికో గెడ్డ ఎంచుకుని పర్లాకిమిడి కుర్రాళ్లు ఇద్దరు, గుణుపురంలో ఇద్దరు, జయపురంలో ఇద్దరు వారాలు పంచుకుంటే ఒకరి మీదే భారం పడదు. ఏప్రిల్‌లోనూ అవే గెడ్డలకు రండి. నీరు ఎండిపోయి ఉంటే ఆ సంగతీ రాయండి, వచ్చే ఏడాది ఏ గెడ్డకు పోవాలో ఆ గీతే చెబుతుంది.